సేవ్ చేయని రోజులు

మెదడుకు జబ్బు చేశాక రాజలింగు జ్ఞాపకాలన్నీ తల వెనకున్న డిస్కులోనే. రోజూ పొద్దుగూకాక భార్య కనకవ్వ సేవ్ నొక్కాలి. నొక్కకపోతే ఆ రోజు అతనికి లేనట్టే. వాడలో ఇంటికొకరు ఇలాంటివాళ్లే.

కూతురు మంజుల చనిపోయి నలభై రోజులైంది. రోజూ పొద్దున అతను మూడు గ్లాసుల్లో చాయ్ పోసి, "పిల్ల లేవలేదా?" అంటాడు. కనకవ్వ చెబుతుంది. అతను రోజంతా గుండెలు బాదుకుని, సాయంత్రం బతిమాలతాడు: "ఇయ్యాలటిది సేవ్ చెయ్యకే." ఆమె చేయదు.

ఇవాళా అదే మాట అన్నాడు.

"రోజూ చెప్పేది నేనే గదా. నేనెట్ల మర్చిపోవాలె?" అంటూ కనకవ్వ సేవ్ నొక్కేసింది.

తెల్లారి రాజలింగు రెండు గ్లాసులే పెట్టాడు. పిల్ల లేవలేదా అని అడిగేవాళ్లు ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరు.