ఏడో డబ్బా

"స్లాబు కురుస్తుంది బిక్షపతీ. ఐతారం కల్లా గా చెట్లన్ని దింపెయ్యి" అంది మా ఇంటి ఓనరు సారమ్మ, మెట్ల కిందే నిలబడి.

నాచారంలోని ఆ ఇంటి మిద్దె మీద పెయింటు డబ్బాల్లో పన్నెండు టమాటా మొక్కలు పెంచుతున్నాను. కాయలు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి.

"పదిరోజులు ఆగుండ్రి ఆంటీ. జర పైకొచ్చి సూడుండ్రి."

"నా మోకాళ్లకు మెట్లెక్కే బలం యాడిది? మార్కెట్ల గంపలకొద్ది దొరకంగ నీకీ తిప్పలేంది?"

ఆదివారం పొద్దున్నే దింపడం మొదలుపెట్టాను. ఆరు డబ్బాలు కిందికి చేర్చి, ఏడోది ఎత్తబోతుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"గది ముట్టకు!"

సారమ్మ. చర్చికి కట్టుకున్న తెల్లచీరతో, ఆయాసమైనా లేకుండా మిద్దె మీద నిలబడి ఉంది.

"ఎందుకాంటీ?"

"గోడ దిక్కున్న కాయ రేపటికి పండుతది."

ఆకులు తప్పించి చూశాను. గోడవైపు నిజంగానే ఒక కాయ ఉంది. అది ఇప్పటిదాకా నాకే కనబడలేదు.

"గట్ల సూస్తవేంది? మార్కెట్ కాయకు గీ రుచి యాడికెల్లి వస్తది?"

"మరి స్లాబు?"

"కురిస్తే బకెట్ పెట్టుకుంట. దింపినయి గూడ పైకి తే."

ఆరు డబ్బాలూ మళ్ళీ మోసుకొచ్చేసరికి ఆమె పిట్టగోడ మీద కూర్చుని కొంగు ముడి విప్పుతోంది. అందులో ఉప్పూ కారం ఉన్నాయి.

"నిలబడ్డవేంది? ఎనిమిదో డబ్బాల ఒకటి పండింది, జల్ది తెంపు. చర్చికి టైమైతుంది. నీకు గూడ సగమిస్త."