కసియానో కూత

బ్వెనోస్ ఐరెస్‌లోని రైలు కంపెనీ నుంచి వచ్చిన ఆర్డరు స్టేషన్ గోడకెక్కగానే ఊరంతా పండగ చేసుకుంది. వంతెన దగ్గర కూతలకు ఎస్టేటు దొరగారి ఆవులు బెదురుతున్నాయట. ఇకపై అక్కడ ఏ డ్రైవరూ కూత వేయకూడదు. వేస్తే పదిరోజుల సస్పెన్షన్.

ఊరంటే ఏముంది? ఇంజన్లకు నీళ్లు పట్టడానికి ఓ ట్యాంకు కట్టారు. దాని చుట్టూ పదకొండు ఇళ్లు మొలిచాయి. పేరు పెట్టడానికి కూడా బద్ధకించి ‘కిలోమీటరు 214’ అని బోర్డు రాసి పోయింది కంపెనీ. రోజుకు ఒక్క రైలు. మిగతా టైమంతా పక్కింటి సంగతులే కాలక్షేపం.

మా డ్రైవర్లలో ఒక్కొక్కరిది ఒక్కో కూత. మూడు కిలోమీటర్ల అవతల వంతెన మీద మొగుడు కూత వేస్తే, ఇంట్లో పెళ్లాం మాతే టీకి నీళ్లు పెట్టాలి. అందరికంటే కసియానో కూత పొడుగు. అది వినపడగానే అతని భార్య దెల్మీరా పొయ్యి వెలిగించేది. స్టేషన్ మాస్టరు ఉబాల్దో ఆమె పెరటి కంచె దూకి, కోటు గుండీలు పెట్టుకుంటూ ప్లాట్‌ఫాం మీదికి పరిగెత్తేవాడు. పన్నెండేళ్లుగా ఇదే తంతు. కసియానో అంత వెర్రిబాగులవాడు ఎక్కడా ఉండడని మావాళ్ల తీర్మానం.

దెల్మీరా అంటే అతనికి ప్రాణం. కానీ కళ్లారా చూశాక ఏ రైల్వేవాడూ పెళ్లాన్ని ఇంట్లో ఉంచుకోడు. అది ఇక్కడి కట్టుబాటు. ఇక ముందే తెలిపే కూత కూడా ఉండదు. అందుకే మర్నాడు ఆ కాపురం కూలడం చూసి తరించడానికి అందరూ బారు అరుగు మీద, కంచెకు ఎదురుగా కుర్చీలు వేసుకున్నారు. సిగ్గులేని జనం.

రైలు ఎప్పుడూ గంట లేటే కదా అన్న ధీమాతో ఉబాల్దో దెల్మీరా ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజు రైలు సరిగ్గా టైముకొచ్చింది.

వంతెన మీద కూత. ఎప్పటికంటే పొడుగ్గా.

కాసేపటికి కంచె మీద ఉబాల్దో కనిపించాడు. జనం ఉసూరుమన్నారు.

సాయంత్రం బారులో, అందరి ముందూ సస్పెన్షన్ కాగితం చేతికిస్తూ ఉబాల్దో వెటకారంగా నవ్వాడు.

“ఏమయ్యా కసియానో, గిన్నెడు వేణ్ణీళ్ల కోసం పదిరోజులు పని పోగొట్టుకుంటావా?”

బారంతా పగలబడి నవ్వింది. కసియానో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నీళ్ల కోసం కాదు మాస్టారూ, మోకాళ్ల నొప్పులొచ్చాక మీకు కంచె దూకడానికి కాస్త ఎక్కువ టైం పడుతోంది కదా.”