గంట లేటు

"నా చేతుల్తోనే మెసేజ్ కొట్టిన బలరాం. పైకప్పు పగుల్తున్నది, మనుషుల్ని దింపకుండ్రి అని. ఏ బటన్ తప్పు నొక్కిన్నో, పైకి చేరలే," అన్నాడు గని సూపర్‌వైజర్ సారంగపాణి.

దవాఖానా మంచం మీద బలరాం గోడవైపే చూస్తున్నాడు. గని పైకప్పు కూలి కాలు పోయిన ఈ తొమ్మిది రోజుల్లో అతను సారంగపాణితో ఒక్క మాట మాట్లాడలేదు.

గని కంప్యూటర్లు చూసే కోటేష్ బత్తాయిల సంచితో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మెసేజ్ చేరింది సార్. మొదటి కంప్యూటర్‌కు వెంటనే వచ్చింది. అక్కడ్నుంచి కంట్రోల్ రూం కంప్యూటర్‌కు కాపీ అయ్యేసరికి గంట పట్టింది. అప్పటికే మనుషుల్ని కిందికి దింపిండ్రు. బొగ్గు లారీల స్లిప్పులు జల్దీ రావాల్నని ఆ కాపీ స్పీడ్ నేనే తగ్గించిన."

బలరాం ఇటు తిరిగి, సారంగపాణి చేయి పట్టుకున్నాడు.

"ఎప్పుడు తెల్సింది నీకు?" అని కోటేష్‌ను అడిగాడు.

"ఆ రోజే అన్నా."