ఫో అంటే మన పాయ లెక్కనే

"బొక్కలు ఉడుకుతున్నయి. ఇప్పుడేం జెయ్యాలె?" అని అడిగాడు దశరథం.

భవ్యశ్రీ నోట్‌బుక్కులోంచి తలెత్తలేదు. తండ్రి ముఖం చూడాలని లేదు ఆమెకు. అన్న రాసింది మాత్రం చదివి వినిపించింది.

"ఉల్లిగడ్డ, అల్లం పొట్టు తియ్యకుండ నిప్పుల మీద నల్లగ కాల్చాలె. అనాసపువ్వు, దాల్చినచెక్క నూనె లేకుండ ఏయించాలె. పొంగు రానియ్యొద్దు. సన్నమంట మీద ఆరు గంటలు."

"ఆరు గంటలా?"

"అట్లనే రాసిండు అన్న."

దశరథం పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగాడు. హుజూరాబాద్ దగ్గరి ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్న చేతులవి. గరిటె పట్టడం ఇదే మొదలు. భార్య చంద్రవ్వ సాయానికి లేవబోతే, "నువ్వు కూసో, నేనే జేస్త" అన్నాడు. ఆమె కూర్చుంది.

వాళ్ల కొడుకు నరేశ్ హైదరాబాద్‌లో ఒక వియత్నాం హోటల్లో నాలుగేళ్లు వంట నేర్చుకున్నాడు. హుజూరాబాద్ బస్టాండ్ దగ్గర సొంతంగా ఒక బండి పెట్టాలని ఊరికి తిరిగొచ్చాడు. పేరు వింటేనే జనం పారిపోతారని తెలుసు. అందుకే వచ్చినవాళ్లకు పంచడానికి ఒక పరిచయం రాసుకున్నాడు. నోట్‌బుక్కు మొదటి పేజీ అదే.

"వియత్నాం తిండి అంటే పాములు, కప్పలు అనుకోకుండ్రి. వాళ్లు గూడ మన లెక్క బువ్వ తినేటోళ్లే. ఫో అంటే మన పాయ లెక్కనే, బొక్కల చారు. వాళ్లు గొడ్డు బొక్కలు ఏస్తరు, మనం మేకవి ఏద్దాం. అండ్ల బియ్యపు సేమ్యా, మీదికెళ్లి పుదీన, కొత్తిమీర, నిమ్మకాయ. బాన్ సేవో అంటే పసుపేసిన బియ్యప్పిండి అట్టు. సర్వపిండి తినేటోళ్లకు గది కొత్త గాదు. గోయ్ కువోన్ అంటే పల్చటి బియ్యం అప్పడం తడిపి, అండ్ల రొయ్యలు, పచ్చి ఆకులు పెట్టి సుట్టి ఇచ్చుడు. నూనె సుక్క ఉండది, గ్యాసు ఫికర్ ఉండది."

ఎంత బాగా రాస్తే ఏం లాభం? రుచి చూడకుండానే బాగాలేదని చెప్పేవాళ్లకు ఆ ఊళ్లో కొదవ లేదు. వాళ్లలో మొదటివాడు దశరథమే.

ఊరికి తిరిగొచ్చిన కొత్తలో ఒక రోజు నరేశ్ మొదటిసారి ఇంట్లో ఫో వండాడు. గిన్నె తెచ్చి తండ్రి ముందు పెట్టాడు.

"ఒక్క చెంచ సూడు బాపు. నచ్చకుంటె మళ్ల బండి ముచ్చటే ఎత్త."

దశరథానికి చారులో కలిపిన, ఉప్పులో ఊరబెట్టిన చేపల రసం వాసన తగిలింది. "కుళ్లిన శాపల నీళ్లు నా ఇంట్ల వండుతవా? నలుగుట్ల తలెత్తుకోనియ్యవా నన్ను?" అని గిన్నెను కాలితో తన్నాడు. కింద పడ్డ మెతుకును కళ్లకద్దుకునే మనిషే. ఆ రోజు మాత్రం తన్నాడు. చారు గోడ దాకా చిందింది.

నరేశ్ లేచాడు. మోటార్ సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి అతని దోస్తు వెంకటి వాళ్లు ఇంటికి తీసుకొచ్చారు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాట లేదు.

ఇంటి తిండి ముట్టడం లేదు నరేశ్. చంద్రవ్వ మటన్ వండి డాబా మీదికి పంపింది. పంపింది పంపినట్టే కిందికి వచ్చింది. రెండోసారి కోడికూర, బూరెలు. అవీ అంతే. పోరనికి తండ్రి మీద కోపం పోలేదని వాడకట్టంతా గుసగుసలు మొదలుపెట్టింది.

చివరికి పక్కింటి కిష్టవ్వ వచ్చి దశరథాన్ని కూర్చోబెట్టింది.

"వాడు మనసుల ఏదో పెట్టుకున్నడు బిడ్డా. వానికి ఏదంటె పానమో గదే వండి పెట్టు. నీ శేతులతోనే పెట్టు. తింటె నీ మీద కోపం పోయినట్టు."

"తినకుంటె?"

కిష్టవ్వ కొంగు దులుపుకుని లేచింది.

దశరథం కరీంనగర్ దాకా వెళ్లి దుకాణాలన్నీ తిరిగి బియ్యపు సేమ్యా పట్టుకొచ్చాడు. చేపల రసం సీసా ఇంట్లోనే సగం మిగిలి ఉంది. దాని మూత తీశాడు. వాసన అదే. ఈసారి ముక్కు మూసుకోలేదు.

మధ్యాహ్నానికి చారు తేటగా దిగింది. ఇల్లంతా కమ్మటి వాసన. ఇన్నాళ్లూ దీన్నా అసహ్యించుకున్నాను అనుకుని తన మీద తనకే రోత పుట్టింది దశరథానికి.

"ఉప్పు సరిపోయిందో లేదో. జర సూడు బాపు" అంది భవ్యశ్రీ అలవాటుగా.

"వాడు తినకముందు నేనెట్ల ముడ్త బిడ్డా?"

"గా దినమే సూస్తె అయిపోవు" అంది చంద్రవ్వ.

పొద్దుటి నుంచి ఆమె నోట వచ్చిన మాట అదొక్కటే. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. దశరథం తల దించుకుని సేమ్యా మీద చారు పోశాడు. పుదీనా, కొత్తిమీర చల్లాడు. నిమ్మకాయ పిండాడు.

భవ్యశ్రీ నోట్‌బుక్కులో ఆఖరి వరుస చదివింది. "వేడి మీదనే తినాలె. సల్లారితె ఫో గాదు."

"నువ్వు గూడ పైకి రా అవ్వా" అని తల్లిని అడిగింది.

"నేను రాను. వాడు తినకపోతె సూసే ఓపిక లేదు నాకు."

భవ్యశ్రీ తండ్రి వైపు తిరిగింది. ఈసారి ముఖంలోకే చూసింది. "నువ్వే పిలువాలె బాపు. మంచిగ పిలువు."

దశరథం మెట్లెక్కి, పిట్టగోడ మీద గిన్నె పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, రెండు చేతులూ జోడించి, ఆకాశం వైపు చూస్తూ గొంతెత్తి పిలిచాడు, "కావ్... కావ్... కావ్."