ఒప్పుకుంటేనే ఊగే ఉయ్యాల

"చదువు నాయనా, ఒక్క ముక్క వదలకుండా చదువు" అంది మాణిక్యమ్మ, తన ఫోను జాన్ పాల్ చేతిలో పెట్టి.

ఉయ్యాల బిగించడానికొచ్చిన కంపెనీ మెకానిక్ జాన్ పాల్ బిత్తరపోయాడు. మంగళగిరిలో ఎన్ని ఇళ్ళకు తిరిగాడో! షరతులు చదివి వినిపించమన్న వాళ్ళు ఒక్కరూ లేరు. అడుగున 'ఒప్పుకుంటున్నాను' అని ఉన్నచోట వేలు పెట్టి నొక్కేసేవాళ్ళే అందరూ.

"చాలా ఉంటాయమ్మా."

"ఉండనీ. మజ్జిగ తాగుతూ చదువు."

అది ఇంటర్నెట్టు ఉయ్యాల. పిల్ల కదిలితే తనే విని, తనే ఊగుతుంది. నెల్లాళ్ళు వాడి చూసుకుని, నచ్చితే ఏడాదికి ఒప్పందం. తెప్పించింది మాణిక్యమ్మ కూతురు సింధూరి. పురిటికని పుట్టింటికొచ్చిన పిల్ల, సోమవారం నుంచి మళ్ళీ గవర్నర్‌పేట ఆఫీసుకు వెళ్ళాలి. మొగుడిది ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో షిఫ్టుల ఉద్యోగం. ఇక ఇంట్లో మిగిలేది మాణిక్యమ్మ, ఆవిడ మగ్గం. చంటిది భానుశ్రీ చూస్తే ఊపు ఆగిందంటే చాలు, కళ్ళు విప్పి ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది.

"నా పిల్ల కోసం నీ మగ్గం ఆగడానికి వీల్లేదమ్మా. ఈ ఉయ్యాల కుదిరితే సరే, లేదా ఉద్యోగం మానేస్తా" అని తేల్చి చెప్పింది సింధూరి.

"నిన్ను పెంచినప్పుడూ నాకు రెండు చేతులూ మగ్గం మీదే ఉండేవే."

"అప్పటి సంగతులు వేరమ్మా" అని, పగలు ఇంట్లో ఉండేది తల్లే కాబట్టి తల్లి నంబరే కంపెనీకి ఇచ్చి, తలంటుకోవడానికి వెళ్ళింది.

జాన్ పాల్ గొంతు సవరించుకున్నాడు. "గదిలోని శబ్దాలను, సంభాషణలను మా సేవల మెరుగుదల కోసం సేకరిస్తాము."

"అంటే మా మాటలన్నీ వింటుందా?"

"విని కంపెనీకి పంపుతుందమ్మా."

"మా వియ్యపురాలి గురించి నేననేవి కూడానా?"

జాన్ పాల్ నవ్వు మజ్జిగలో పడింది. "అవీ వెళ్తాయండీ."

"ఆవిడ దాకా పోవు కదా? సరే, తర్వాత?"

"ముందుగా తెలియజేయకుండా సేవను ఎప్పుడైనా నిలిపివేయవచ్చు."

"ఊగుతూ ఊగుతూ ఆపేస్తారా! పిల్ల లేస్తే మీ కంపెనీ వచ్చి ఎత్తుకుంటుందా?"

"రాదమ్మా."

"జోలపాటలో?"

"కంపెనీ పాటలే వస్తాయండీ. అవి కూడా మార్చే హక్కు కంపెనీదే."

"బాగానే రాసుకున్నారయ్యా, అన్ని హక్కులూ తమకే! మరి నేను నొక్కకపోతే?"

"మామూలు ఉయ్యాలేనమ్మా. నొక్కాకే తనంతట తను ఊగుతుంది. ఇంతకీ ఎక్కడ పెట్టమంటారు, ఫ్యాను కిందా?"

"వద్దొద్దు. మగ్గం గది గోడకి ఇవతల ఆనించి పెట్టు. దాని తల్లీ అక్కడే పెరిగింది."

ఆ గోడ అడుగున పిడికిలంత కన్నం ఒకటి ఉంది. చీమలొస్తున్నాయి మూయించమ్మా అని సింధూరి ఎన్నిసార్లు మొత్తుకున్నా మాణిక్యమ్మకు చెవికెక్కలేదు. జాన్ పాల్ ఉయ్యాల అక్కడే నిలబెట్టాడు.

"ఇక నువ్వెళ్ళు నాయనా, ఎండెక్కుతోంది. కళ్ళజోడు వెతుక్కుని నేను నొక్కుకుంటాలే."

సింధూరి తల తుడుచుకుంటూ వచ్చేసరికి భానుశ్రీ హాయిగా నిద్రపోతోంది. దిష్టి తగలకుండా మాణిక్యమ్మ ఉయ్యాల మీంచి నేలదాకా పాతచీర కప్పింది. దగ్గర ఎవరూ లేరు. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. పక్క గదిలోంచి మగ్గం టకటకలాడుతోంది.

"అమ్మా! షరతులు ఒప్పుకున్నావా?"

"ఊగుతోంది కదే, ఇంకేం కావాలి? తడిజుట్టుతో లోపలికి రాకు, పెళ్ళిచీర నేస్తున్నా!"

సోమవారం సింధూరి ధైర్యంగా బస్సెక్కింది. ఆఫీసులో అందరికీ ఉయ్యాల కబుర్లే. ఆదివారాలు ఇంట్లో ఉన్నప్పుడు దాని ముందు కుర్చీ వేసుకుని సినిమా చూసినట్టు చూసేది. ఒక సాయంత్రం ఊరంతా కరెంటు పోయింది. కిటికీ వెలుగులో మాణిక్యమ్మ నేత నేస్తూనే ఉంది, ఉయ్యాల ఊగుతూనే ఉంది. "బ్యాటరీ కూడా పెట్టారన్నమాట!" అని మురిసిపోయింది సింధూరి. భానుశ్రీ బుగ్గలొచ్చి బొద్దుగా తయారైంది. మగ్గం మీద చీర రోజుకింత పెరిగింది. ఆ నెలంతా ఆ ఇంట్లో నవ్వులే.

నెల తిరగ్గానే ఆదివారం పూట జాన్ పాల్ వచ్చాడు. సింధూరి ఎదురెళ్ళి మరీ పిలిచింది.

"రండి రండి! ఏడాదికి ఒప్పందం రాసేసుకోండి. మీ ఉయ్యాల లేకపోతే ఈపాటికి నా ఉద్యోగం పోయేదండీ. కరెంటు పోయినా ఊగుతుంటే ఆశ్చర్యమేసింది!"

"కరెంటు పోయినా? దీనికి బ్యాటరీ ఉండదే మేడమ్" అంటూ జాన్ పాల్ తన ఫోను తీసి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"ఏమైందండీ?"

"ఇది అసలు మొదలే కాలేదు మేడమ్. షరతులు ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోందే మోటారు తిరగదు."

"ఏం మాట్లాడుతున్నారు? మీ కళ్ళెదురుగా ఊగుతుంటే!"

నిజమే, ఊగుతోంది. పాతచీర కింద, భానుశ్రీ గుప్పిళ్ళు బిగించుకుని నిద్రపోతుండగా, ఒకే తీరుగా ఊగుతోంది. జాన్ పాల్ వంగి ప్లగ్గు చూశాడు. తీగె చుట్ట చుట్టినట్టే ఉంది, దాని మీద కంపెనీ కాగితం కూడా ఊడలేదు.

సింధూరి మగ్గం గది వైపు తిరిగింది. గట్టిగా కేకేసింది.

"అమ్మా! ఒకసారి ఇలా రా!"

"వస్తున్నానే!"

గోడకవతల మగ్గం ఆగింది, ఇవతల ఉయ్యాల ఆగింది.