వెంకటరత్నమ్మ గొంతు

తొంభయ్యెనిమిదిలో సంగతి. రాజమండ్రిలో కొత్త కల్యాణమండపం. తోలుబొమ్మలాడించే చంద్రరావు బతుకు మీద తీసిన డాక్యుమెంటరీ వేస్తన్నారక్కడ. ముందు మూడు వరసలూ సోఫాలే. అందరికీ చోటుంది, చంద్రరావుకి తప్ప.

"తెర వెనక కుర్చీ వేయిస్తాను చంద్రరావ్. నీకలవాటేగా!" అన్నాడు సినిమా తీసిన ఉదయ్‌భాస్కర్. పెద్ద జోకేసినట్టు పక్కోళ్ళు నవ్వేరు.

చంద్రరావు మేనల్లుడు అచ్చిబాబు మద్దెల వాయిస్తాడు. అతన్నయితే గేటు దగ్గరే ఆపేసేరు. పాస్ లేదంట.

చంద్రరావు అవేవీ పట్టించుకోలేదు. అతనొచ్చింది ఒక్కదానికే. పెళ్ళాం వెంకటరత్నమ్మ గొంతు వినాలి. ముప్పయ్యేళ్ళు సీతమ్మ బొమ్మకి గొంతిచ్చిన మనిషి, పోయిన కార్తీకంలో పోయింది. ఆ గొంతు మిగిలింది ఈ రీల్లోనే. రేపు పొద్దున్న రైలుకి రీలు ఢిల్లీ పోటీకెళ్ళిపోద్ది. మళ్ళీ ఎవడు పిలిచి వినిపిస్తాడు?

ఆవిడ పోయాక బొమ్మల పెట్టె తెరవలేదు. ఆడబొమ్మకి ఆడమనిషే పలకాలి. మగాడు పలకడం వాళ్ళ ఇంటావంటా లేదు.

లైట్లార్పేరు. తెల్లగుడ్డ మీద బొమ్మ పడింది. అంతలోనే ఉదయ్‌భాస్కర్ తెర వెనక్కి పరిగెత్తుకొచ్చేడు. మొహమంతా చెమట. పొద్దుట్నించీ 'నువ్వు' అన్నోడు 'మీరు' అన్నాడు. చంద్రరావు కాళ్ళదాకా వంగి లేచి, చెవిలో ఏదో చెప్పేడు. ముందు సోఫాలో కలెక్టరుగారున్నారుగా, ఎక్కళ్ళేని మర్యాదా పుట్టుకొచ్చేసింది.

చంద్రరావు లేచేడు. కుర్చీ పక్కకి జరిపి, తెరకి దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు.

వెనకనించి చూస్తే అన్నీ తిరగబడే కనపడతాయి. వెంకటరత్నమ్మ ఎడంచేత్తో అన్నం పెడతంది. చంద్రరావు ఎడంచేత్తో తింటన్నాడు. తర్వాత ఆట. అశోకవనంలో సీతమ్మ. పక్కన నోరు తెరిచి వెంకటరత్నమ్మ. సీతమ్మ ఏడుపుకి మండపం దద్దరిల్లిపోయింది.

ఇంకేముంది, సోఫాల్లో జేబురుమాళ్ళు బయటికొచ్చేయి. మండపేట రైసుమిల్లు నాగేశ్వరప్రసాద్ గారు వెక్కివెక్కి ఏడ్చేరు. ఆరేళ్ళ కిందట బొమ్మలాటకి జాగా అడిగితే, "రికార్డింగ్ డాన్సు పెట్టుకున్నాం, పొండి పొండి" అన్న మహానుభావుడీయనే. కాలేజీ మేడం మీనాకుమారిగారు కాటుక కారకుండా, వేలితో ఒత్తుకుంటా ఒత్తుకుంటా ఏడ్చేరు. చీకట్లో ఏడవటానికి సొమ్మేం పోద్ది?

లైట్లేసేరు. ఒకటే చప్పట్లు.

"ఆవిడ గొంతు ఎంత బాగా రికార్డు చేశారండీ! పక్కన కూచుని ఏడ్చినట్టుంది," అన్నారు మేడం గారు.

"చాలా కష్టపడ్డామండి," అన్నాడు ఉదయ్‌భాస్కర్, మెళ్ళో శాలువా సర్దుకుంటా.

మిల్లుగారు తెరకి రెండుపక్కలా బీరువాల్లా నిలబెట్టిన సౌండు బాక్సుల్ని తడిమి చూసేరు. "ఏం బాక్సులండీ! ఎక్కడివి?"

"మద్రాసు నించి తెప్పించామండి."

"అవునూ, పాపం ఆ బొమ్మలాటతను వచ్చాడా?"

"ఇక్కడే ఎక్కడో ఉండాలండి."

అంతలో పెసరట్ల వాసనొచ్చింది. ఇంకెవరూ అడగలేదు.

చంద్రరావు వెనక తలుపులోంచి రోడ్డుమీదకొచ్చేడు. టీకొట్టు బల్లమీద అచ్చిబాబు కళ్ళు తుడుచుకుంటన్నాడు.

"అత్త గొంతు ఇక్కడిదాకా వినపడింది మావయ్యా! అచ్చం ఎదురుగా ఉన్నట్టే. ఒళ్ళు జలదరించిందనుకో. తనివితీరా విన్నావా?"

చంద్రరావు కొట్టతన్ని అడిగి గ్లాసుడు వేణ్ణీళ్ళు తాగేడు. గొంతు బొంగురుపోయింది. 

"సౌండు మిషను కాలిపోయిందని ఆ సినిమా బాబు కాళ్ళట్టుకుంటే, గంటసేపూ మీ అత్త గొంతు నేనే పలికేన్రా."