తుప్పు పట్టిన నాలుగు బోల్టులు

“బోల్టు విరిగిందంటే, సాయిబూ, నీ షెడ్డు రేపటిదాకా కూడా ఆగదు. ఇయ్యాలే పీకిస్తా.”

రాజశేఖర్ ఆ మాట కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. మెకానిక్ అలీ సాహెబ్ కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వైర్ బ్రష్‌తో బంపర్ గార్డు బోల్టుల మీది తుప్పు గీకుతున్నాడు. ఎర్రటి పొడి రాలి గడ్డంలో పడుతోంది.

షెడ్డుకు ఆ చివర ఇంకో కుర్చీ. అందులో తమ్ముడు వెంకటకృష్ణ, అన్న వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. తండ్రి వెంకట్రామయ్య పోయి రెండేళ్లు. ఈ రెండేళ్లలో అన్నదమ్ములు ఎదురుబొదురు పడింది పెద్దమనుషుల ముందే. ఇరవై ఎకరాలు, ఇల్లు, దాచేపల్లి రోడ్డు పక్కన స్థలం, అన్నీ తెగాయి. కారు అన్నకు వెళ్లింది. తెగనిది ఆ కారు ముందున్న ఇనుప గార్డు ఒక్కటే. అది తన మొదటి మిరప పంట డబ్బుతో చేయించిందని తమ్ముడి వాదన. అది చేతికొస్తేనే పంపకాల కాగితం మీద సంతకం పెడతానన్నాడు. ఊడదీసుకోమన్నాడు అన్న, కానీ తన కారుకు మంట తగలకూడదు, కోత పడకూడదు. ఇరవై ఎకరాలకు లేని పంతం ఇరవై కిలోల ఇనుము దగ్గర వచ్చింది. వీళ్లిద్దరూ ఒక్క కంచంలో తిని పెరిగారంటే ఎవరు నమ్ముతారు?

మధ్యలో అడకత్తెరలో పోకచెక్క అలీ సాహెబ్. షెడ్డు ఉన్న స్థలం అన్న వాటాకే వస్తోంది. ముప్పై ఏళ్ల కిందట పెద్దాయన ఇక్కడ కూర్చోమంటే కూర్చున్నాడు, కాగితమేమీ లేదు. సంతకాలైన మర్నాడే జేసీబీ వస్తుందనీ, అక్కడ కాంప్లెక్స్ లేస్తుందనీ రాజశేఖర్ ముందే చెప్పేశాడు. వేరే చోటు చూసుకునేదాకా గడువివ్వమని అలీ సాహెబ్ ఆ ఇంటి చుట్టూ తిరిగాడు. అన్న మూడు రోజులు కూడా ఇవ్వనన్నాడు. తమ్ముడేమో గార్డు ఊడదీసి పెడితే పెద్దమనుషులతో ఓ మాట చెబుతానన్నాడు. మునిగేవాడికి ఆ గడ్డిపరకైనా దొరికిందిలే అనుకున్నారు చూసినవాళ్లు.

సంతకాలకు టైము సాయంత్రం ఐదు వరకే. తెల్లారితే శుక్ర మూఢం. మూఢంలో ఆ ఇంట్లో సంతకాలు కాదుగదా, కొత్త చెప్పులు కూడా కొనరు; పాతవి కూల్చడానికే అడ్డు లేదు. అది పెద్దాయన పెట్టిన కట్టుబాటు. ఆస్తి గొడవలో తండ్రిని మరిచిన కొడుకులు ఈ ఒక్క కట్టుబాటునూ మరవలేదు.

మధ్యాహ్నానికి అలీ సాహెబ్ తుప్పు వదిలే స్ప్రే కొట్టి, అది లోపలికి దిగాలని గంటసేపు ఆగాడు. అన్నకు ఒళ్లు మండింది.

“ఏంది సాయిబూ, నాలుగు బోల్టులకి నాలుగు గంటలా?”

“పెద్దాయన ఉన్నప్పుడు ఏటా వానలు తగ్గంగానే కారు తెచ్చేవాడు బాబూ. బోల్టులు ఊడదీసి, తుడిచి, గ్రీజు పూసి మళ్లీ బిగించేవాణ్ణి. ఈ రెండేళ్లు నువ్వు తేవాలంటే నువ్వు తేవాలని ఎవురూ తేలా. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము, మంచు కలిసి బిగుసుకుపోయినయ్.”

“మాకు బుద్ధులు చెప్పబాక. పని చూడు.”

తమ్ముడు లేచి వచ్చి, కారు పక్కన గొంతుకూర్చుని, కిందికి తొంగి చూశాడు.

“ఏంది, బిగిస్తన్నావా?”

“తుప్పు పట్టినదాన్ని ముందు కుడికి కాస్త బిగించాలి చినబాబూ. తుప్పు పగులుద్ది. అప్పుడు ఎడమకి తిప్పితే వచ్చుద్ది. ముందే ఎడమకి గుంజితే తల తెగిపోద్ది.”

పని తెలియనివాణ్ణి నోరు మూసుకుని కూర్చోమనమని అన్న అలీ సాహెబ్‌కు చెప్పాడు. ఎవరి నోరు ఎంతటిదో ఊరంతటికీ తెలుసని తమ్ముడూ అలీ సాహెబ్‌కే చెప్పాడు. అలీ సాహెబ్ ఎవరి మాటా ఎవరికీ చేరవెయ్యలేదు.

మూడింటికి మళ్లీ స్ప్రే కొట్టాడు. బోల్టు తలల మీద సుత్తితో మెల్లగా తట్టాడు. స్పానర్‌కు పొడుగాటి పైపు తొడిగి ఒంట్లో బలమంతా పెట్టాడు. కిర్రుమంది. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. గార్డు మాత్రం కదల్లేదు. అలీ సాహెబ్ చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

నాలుగున్నరకు తమ్ముడికి ఓపిక చచ్చిపోయింది. పక్క షెడ్డు నుంచి గ్యాస్ కట్టర్ తెప్పించాడు. రాజశేఖర్ వెళ్లి కారుకు అడ్డంగా నిలబడ్డాడు. రెండేళ్ల తర్వాత ఒకరి కళ్లలోకి ఒకరు చూసి మాట్లాడుకున్నారు.

“మంట తగిలితే సంతకం లేదు.”

“గార్డు రాకపోతే నాదీ లేదు.”

ఐదింటికి పెద్దమనిషి ఫోన్ చేశాడు. కాగితం మడిచి బీరువాలో పెట్టాననీ, ఇక మూఢం పోయి మాఘం దాటాకే తీస్తాననీ చెప్పి పెట్టేశాడు. రాజశేఖర్ పనిముట్ల డబ్బాను ఒక్క తన్ను తన్నాడు. చేతకాని ముసలాడు, నాలుగు బోల్టులు ఊడదీయలేనివాడికి షెడ్డెందుకని నోటికొచ్చినట్టు తిట్టాడు. నీ గురించి ఎవరికీ ఏమీ చెప్పనుపో అని తమ్ముడు బండి తీశాడు. స్థలం ఇంకా ఉమ్మడిదేననీ, రేపు రావద్దనీ జేసీబీ వాడికి ఫోన్‌లో అరుస్తూ అన్న కారెక్కాడు. ఇద్దరూ చెరో దారిన పోయారు.

అలీ సాహెబ్ చెల్లాచెదురైన స్పానర్లు ఒక్కొక్కటే ఏరి తుడిచాడు. పెద్ద స్పానర్‌ను గోడకున్న మేకుకు తగిలించాడు. టీ చెప్పి, పొద్దున రాజశేఖర్ కూర్చున్న కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

పొద్దున్నుంచీ అతను ఒక్క బోల్టునూ ఎడమకి తిప్పలేదు.